బఠాణీ తోటలో ఒక గురువు



మీ ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే పిల్లలు ఉంటే, మెండెల్ ఎవరని ఒకసారి అడిగి చూడండి. బఠాణీ మొక్కలు, మూడుకు ఒకటి నిష్పత్తి అని వెంటనే జవాబు చెబుతారు. ఆయన ఒక కతోలిక గురువనీ, అగస్టీను సభకు చెందిన మఠవాసి అనీ, చివరి పదహారేళ్ళు మఠాధిపతిగా ఉన్నారనీ మాత్రం చాలామందికి తెలియదు. ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందుంచుతున్నాను. ఆయన బఠాణీ గింజల్లో చూసిన సత్యానికీ, మన ఇళ్ళలో బిడ్డ పుట్టినప్పుడు అత్తవారింట వినిపించే మాటలకూ దగ్గరి సంబంధం ఉంది. కనుక ఓపికగా చివరిదాకా చదవండి.

రైతు బిడ్డ

జ్ఞానస్నానంలో ఆయనకు పెట్టిన పేరు యోహాను. ఆ దేశపు భాషలో యోహాన్ మెండెల్. 1822 జూలై నెలలో, అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని హైన్‌ట్సెండోర్ఫ్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. నేడు ఆ ఊరు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. ఇంట్లో వాళ్ళు జూలై 22ను పుట్టినరోజుగా జరుపుకొనేవారు. విచారణ రిజిస్టరులో మాత్రం 20వ తేదీ అని ఉంది. తండ్రి ఆంటోన్ సన్నకారు రైతు. తన పొలం దున్నుకొంటూనే, వారంలో మూడు రోజులు జమీందారు పొలంలో వెట్టి చేయవలసి వచ్చేది. తల్లి పేరు రోసీనా. వెరోనికా అక్క, తెరేసియా చెల్లెలు.

ఆ ఊరి విచారణ గురువు ఫాదర్ ష్రైబర్ పండ్లతోటల పెంపకంలో నేర్పరి. పూజ ముగిసిన తర్వాత రైతులకు మంచి అంట్లు ఇచ్చి, ఎలా కట్టాలో చూపించేవారు. బడిపిల్లలకు కూడా ఆ పని నేర్పించేవారు. ఆ పిల్లల్లో మన యోహాను ఒకడు. చురుకైన వాడని గుర్తించి పెద్ద చదువుకు పంపమని తల్లిదండ్రులకు నచ్చజెప్పారు. ఒక్కగానొక్క కొడుకు పొలం వదిలి పట్నం పోతే తన వెనుక నాగలి పట్టేదెవరు? ఐనా ఆ తండ్రి ఒప్పుకొన్నాడు.

ట్రోపావు పట్టణంలో హైస్కూలు చదువు. అక్కడ పూర్తి భోజనానికి డబ్బు కట్టలేక సగం భోజనానికే కట్టేవాడు. మిగతా లోటు తీర్చడానికి ఊరి నుండి బండ్లు వచ్చినప్పుడు తల్లి రొట్టె, వెన్న పంపేది. 1838లో అడవిలో వెట్టిపని చేస్తుండగా తండ్రి ఛాతీ మీద దుంగ దొర్లింది. ఆయన మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. పదహారేళ్ళ యోహాను ట్యూషన్లు చెప్పుకొంటూ చదువు సాగించాడు. దిగులుతో, అర్ధాకలితో జబ్బుపడి, నెలల తరబడి మంచం పట్టాడు. 1841లో తండ్రి పొలాన్ని పెద్దల్లునికి అప్పజెప్పాడు.

అప్పుడు చెల్లెలు తెరేసియా చేసిన పని వినండి. తన పెళ్ళి కోసం ఉంచిన కట్నంలో కొంత భాగాన్ని అన్న చదువుకు ఇచ్చివేసింది. కట్నం అంటే ఏమిటో, అది లేకపోతే ఆడపిల్లకు ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ చిన్న పిల్లకు కూడా తెలుసు. ఐనా ఇచ్చింది. ఆ డబ్బుతోనే యోహాను ఓల్మూట్స్‌లో తత్త్వశాస్త్రం చదవగలిగాడు. ఈ అప్పును ఆయన మరువలేదు. తర్వాతి కాలంలో తెరేసియా ముగ్గురు కొడుకుల చదువు బాధ్యతను ఆయనే మోశారు. వారిలో ఇద్దరు డాక్టర్లయ్యారు.

మఠంలో అడుగు

ఓల్మూట్స్‌లో భౌతికశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ ఫ్రాంజ్ ఒక ఉత్తరం రాసి, ఈ విద్యార్థిని బ్రనో నగరంలోని పునీత తోమా మఠానికి సిఫారసు చేశారు. 1843 అక్టోబరు 9న యోహాను ఆ మఠంలో ప్రవేశించాడు. అక్కడే గ్రెగోర్ అనే సభ పేరు వచ్చింది. రేపటి భోజనం ఎక్కడ అనే చింత అక్కడ తీరిందని ఆయన తర్వాత దాపరికం లేకుండా రాసుకొన్నారు. దేవుని పిలుపు ఎప్పుడూ మేఘాల మీది నుండే రాదు. ఒక్కొక్కసారి ఆకలి దారిన కూడా వస్తుంది.

1847 ఆగస్టు 6న, ప్రభువు దివ్యరూపధారణ పండుగనాడు, గురుపట్టం పొందారు. ఆస్పత్రికి వెళ్ళి రోగులను చూసే పని అప్పగించారు. వారి బాధ చూడలేక ఆయనే జబ్బుపడేవారు. మఠాధిపతి సిరిల్ నాప్ దూరదృష్టి గలవారు. ఈ యువగురువు పనికిరాడని ముద్ర వేయక, ఏ పనికి తగునో ఆలోచించి, 1849లో ట్స్నైమ్ పట్టణపు బడిలో తాత్కాలిక ఉపాధ్యాయునిగా పంపారు. పిల్లలకు ఆయన పాఠం ఎంతో నచ్చింది. కాని పర్మనెంటు కావడానికి పరీక్ష రాయాలి. 1850లో రాశారు. భూగర్భశాస్త్రంలో, జంతుశాస్త్రంలో తప్పారు.

నాప్ మళ్ళీ ఆదుకొన్నారు. 1851 నుండి 1853 వరకు మఠం ఖర్చుతో వియన్నా విశ్వవిద్యాలయానికి పంపారు. అక్కడ డాప్లర్ వద్ద భౌతికశాస్త్రం చదివి, కొలవడం, లెక్కించడం అలవరచుకొన్నారు. ఉంగర్ వద్ద వృక్షశాస్త్రం చదివి, మొక్క అంటే కణాల సముదాయమనీ, కణం విభజన చెందితేనే కొత్త కణాలు వస్తాయనీ గ్రహించారు. తిరిగి వచ్చి బ్రనోలో ఉపాధ్యాయునిగా చేరారు. 1856లో రెండవసారి పరీక్షకు కూర్చొని, మధ్యలోనే జబ్బుపడి విరమించుకొన్నారు. మళ్ళీ రాయలేదు. పద్నాలుగేళ్ళు బడిలో తాత్కాలిక ఉపాధ్యాయునిగానే ఉండిపోయారు. మార్కులు రాని బిడ్డను మందబుద్ధి అని తిట్టే తల్లిదండ్రులు ఈ పేరాను ఇంకొకసారి చదవాలని నా మనవి.

గింజలు లెక్కించిన ఎనిమిదేళ్ళు

మఠం వెనుక 35 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల చిన్న తోట ఉంది. ఆ రోజుల్లో పండితులు కూడా తల్లి గుణం, తండ్రి గుణం పాలూ డికాషనూ కలిసినట్లు కలిసిపోతాయని నమ్మేవారు. కలిసిన పాలను మళ్ళీ విడదీయలేము కదా! అదే నిజమైతే ప్రతి తరానికీ గుణాలు పలచబడిపోవాలి. తాతకున్న గుణం మనుమడిలో తిరిగి ఎలా కనబడుతుంది?

మెండెల్ 34 రకాల బఠాణీ విత్తనాలు తెప్పించి, రెండేళ్ళు పరీక్షించి, వాటిలో 22 రకాలు ఎన్నుకొన్నారు. 1856 నుండి 1863 వరకు ప్రయోగాలు జరిపారు. బఠాణీ పువ్వు మూసుకొని ఉండి తనలో తానే ఫలదీకరణం చెందుతుంది. మెండెల్ మొగ్గను విప్పి, పుప్పొడి రాలకముందే కేసరాలను తీసివేసి, వేరొక మొక్క పుప్పొడిని అద్ది, పువ్వుకు చిన్న సంచి కట్టేవారు. ఇలా సుమారు 28,000 మొక్కలు పరిశీలించారు. గింజ ఆకారం, గింజ రంగు, పువ్వు రంగు, కాయ ఆకారం, కాయ రంగు, పువ్వులుండే చోటు, మొక్క పొడవు అనే ఏడు లక్షణాలను గమనించారు.

గుండ్రని గింజల రకాన్ని ముడతల గింజల రకంతో కలిపితే పుట్టిన గింజలన్నీ గుండ్రనివే. ముడత మాయమైంది. అక్కడితో ఆగిపోయిన వాళ్ళు ఆయనకు ముందు ఎందరో ఉన్నారు. ఆయన ఆ గింజలను నాటి, 253 మొక్కల నుండి 7,324 గింజలు తీసి లెక్కపెట్టారు. 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. మూడుకు ఒకటి! పోయిందనుకొన్న ముడత తిరిగి వచ్చింది. సగం ముడతగా కాదు, పలచబడి కాదు, పూర్తి ముడతగా వచ్చింది. అంటే అది పోలేదు, దాగి ఉంది. ప్రతి మొక్కలో ప్రతి గుణానికి రెండు కారకాలుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. పుప్పొడి కణంలోకీ అండకణంలోకీ వాటిలో ఒక్కొక్కటే వెళ్తుంది. ఒకదాని పక్కన ఒకటి ఉన్నంత మాత్రాన అవి కలిసి చెడిపోవు. ఇదీ ఆయన చెప్పిన మాట సారాంశం.

1865 ఫిబ్రవరి 8న, మార్చి 8న బ్రనోలోని ప్రకృతిశాస్త్ర సంఘంలో ఆయన ఈ సంగతి చదివి వినిపించారు. మరుసటి ఏడు అది అచ్చయింది. సంచిక ఐరోపాలోని నూటికి పైగా గ్రంథాలయాలకు చేరింది. విడిగా 40 ప్రతులు తీసి పండితులకు పంపారు. స్పందన దాదాపు శూన్యం.

కణంలో జరిగే నకలు పని

పాఠకులారా, మెండెల్ చెప్పిన కారకం మొక్కలో ఎక్కడ ఉంటుంది? తరాలు మారినా చెడకుండా ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నలకు ఆయన కాలంలో జవాబు లేదు. జవాబు కణవిభజనలో ఉంది. విచిత్రమేమంటే, ఆ జవాబు కూడా చాలావరకు పప్పుధాన్యపు మొక్కల వేళ్ళలోనే దొరికింది.

మీరు ఒక బఠాణీ గింజను తడిగుడ్డలో మూటకడితే, రెండు మూడు రోజుల్లో తెల్లని వేరు బయటికి వస్తుంది. ఆ వేరు కొనలో కణాలు ఎడతెగక రెండుగా విడిపోతూ ఉంటాయి. ప్రతి కణపు కేంద్రకంలో 14 క్రోమోజోములుంటాయి. తల్లి నుండి ఏడు, తండ్రి నుండి ఏడు. వాటిలోని డి.ఎన్.ఏ. ఒక పెద్ద గ్రంథం. ఒక్కొక్క ఏడింటి వరుసలో 400 కోట్లకు పైగా అక్షరాలుంటాయి. కణం రెండు కావాలంటే ముందు ఆ గ్రంథానికి నకలు రాయాలి. లేకపోతే ఒక బిడ్డకణానికి సగం పుస్తకమే దక్కుతుంది.

ఆ నకలు ఎప్పుడు జరుగుతుంది? ఇంగ్లండులో ఆల్మా హోవర్డ్ అనే స్త్రీ, పెల్క్ అనే సహచరుడు పెద్దగింజల చిక్కుడు వేరు కొనకు రేడియోధార్మిక భాస్వరం ఇచ్చి చూశారు. 1950 దశకపు మొదట్లో ఫలితం ప్రకటించారు. కణం చీలుతున్నప్పుడు నకలు జరగదు. అంతకు చాలా ముందే, దానికంటూ కేటాయించిన గడువులో జరుగుతుంది. ఆ గడువుకు ముందు కొంత విరామం, తర్వాత కొంత విరామం ఉంటాయి. 1957లో అమెరికాలో టేలర్, ఆయన సహచరులు అదే చిక్కుడు వేరులో మరో సంగతి చూశారు. ప్రతి కొత్త క్రోమోజోములో ఒక పోగు పాతది, ఒక పోగు కొత్తది. అంటే పాత గ్రంథాన్ని పారవేయరు. దాని పక్కనే, దానిని చూసి, కొత్తది రాస్తారు.

మరి రాయమని ఎవరు ఆజ్ఞాపిస్తారు? వేర్లు ఒకచోట పాతుకొన్న మొక్క ఎండవస్తే నీడకు పోలేదు, కరువు వస్తే వలసపోలేదు. కాబట్టి తొందరపడదు. అమెరికా శాస్త్రవేత్త వాంట్ హోఫ్ బఠాణీ వేరు కొనలను కోసి, చక్కెర లేని ద్రావణంలో ఉంచారు. కణాలు ఎక్కడబడితే అక్కడ ఆగిపోలేదు. రెండే చోట్ల ఆగాయి. ఒకటి నకలు మొదలుపెట్టే ముందు, రెండవది నకలు ముగించి చీలిపోయే ముందు. మళ్ళీ చక్కెర ఇవ్వగానే ఆగిన చోటి నుండి పని సాగించాయి. సగం రాసిన పుస్తకంతో ఆకలికి చిక్కుకోవడం కణానికి ఇష్టం లేదు.

ఆ మొదటి గడప వద్ద ఒక కాపలా ప్రోటీను ఉంటుంది. నకలుకు కావలసిన జన్యువులను అది తాళం వేసినట్లు అణచి ఉంచుతుంది. చక్కెర అందినప్పుడు, పెరగమని సైటోకైనిన్ వంటి హార్మోను చెప్పినప్పుడు, సైక్లిన్ అనే ప్రోటీన్లు పెరుగుతాయి. అవి తమ జత ఎంజైముతో కలిసి ఆ కాపలాదారుని తప్పిస్తాయి. నకలు మొదలవుతుంది. కాలం బాగాలేకపోతే ఈ జతను అడ్డగించే ప్రోటీన్లు కూడా మొక్కలో ఉన్నాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన నియమం. నకలు పూర్తిగా జరగాలి, ఒక్కసారే జరగాలి. డి.ఎన్.ఏ. పొడవునా వేలాది చోట్ల నకలు మొదలవుతుంది. ఒక్క చోటు మరచిపోయినా నష్టమే, ఒక్క చోటు రెండుసార్లు రాసినా నష్టమే. ఇదెలా సాధ్యం? మన విచారణ ఆఫీసు సంగతి గుర్తు చేసుకోండి. పెళ్ళి జరిగాక ఆ వివరాన్ని జ్ఞానస్నాన రిజిస్టరులో ఆ వ్యక్తి పేరు పక్కన రాస్తాము. రేపు ఎవరు సర్టిఫికెట్టు అడిగినా, ఒకసారి వివాహమైన సంగతి అందులో కనబడుతుంది. కణం కూడా అటువంటి ఏర్పాటే చేసింది. నకలు గడువుకు ముందే ప్రతి ఆరంభ స్థానం వద్ద కొన్ని ప్రోటీన్లు కలిసి ఒక ఉంగరం వంటి పనిముట్టును తొడుగుతాయి. అదే అనుమతి పత్రం. నకలు మొదలుకాగానే ఆ ఉంగరం డి.ఎన్.ఏ. పోగులను విడదీస్తూ ముందుకు కదిలిపోతుంది. ఉంగరం తొడిగే ప్రోటీన్లను కణం ఆ వెంటనే నాశనం చేస్తుంది, లేదా పని చేయకుండా ఆపుతుంది. కణం రెండు అయ్యేవరకు కొత్త ఉంగరం తొడగడం కుదరదు. కాబట్టి రెండవ నకలుకు అవకాశమే లేదు.

రాసేటప్పుడు పొరపాటు పడితే, రాసే ఎంజైమే వెనక్కు వచ్చి దిద్దుకొంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్లనో, మరే కారణం వల్లనో పోగులు తెగితే, మొక్కల్లో ఉండే ఒక ప్రత్యేక ప్రోటీను కణవిభజనను ఆపించి, మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది.

ఈ నియమానికి మొక్క బుద్ధిపూర్వకంగా ఇచ్చే మినహాయింపు ఒకటి ఉంది. గింజను చీలిస్తే కనిపించే రెండు బద్దల్లోని కణాలు ఒక దశ తర్వాత చీలడం మానివేస్తాయి. కాని నకలు మాత్రం పదేపదే రాసుకొంటాయి. నాలుగింతలు, ఎనిమిదింతలు, పదహారింతలు, ఇంకా పైకి కూడా. చీలమని చెప్పే సైక్లిన్లను నాశనం చేసి, నకలును మాత్రం సాగనిస్తాయి. అలా పెద్దవైన కణాలు పిండిపదార్థం, మాంసకృత్తులు నింపుకొంటాయి. అవి ఇక ఎన్నడూ కొత్త కణాలను ఇవ్వవు. మొలకకు ఆహారమిచ్చి ఎండి రాలిపోతాయి. మెండెల్ లెక్కపెట్టిన గుండ్రదనం, ముడత ఈ బద్దలవే సుమా!

పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు మాత్రం నకలు ఒకసారి, చీలిక రెండుసార్లు. అందుకే జతలోని ఒక్క కారకమే వాటికి చేరుతుంది. మెండెల్ కేవలం లెక్కతో ఊహించింది కణంలో అక్షరాలా జరుగుతోంది.

నకలులో అరుదుగా దొర్లిన తప్పు కూడా అంతే నమ్మకంగా ముందుకు సాగుతుంది. 1990లో ముడతకు కారణం తేలింది. పిండిపదార్థం తయారుచేసే ఒక జన్యువులో సుమారు 800 అక్షరాల పరాయి తునక దూరింది. 1997లో పొట్టి మొక్క సంగతి తెలిసింది. 400 కోట్లకు పైబడిన అక్షరాల్లో ఒకే ఒక అక్షరం మారింది! 2025 నాటికి మెండెల్ ఎన్నుకొన్న ఏడు లక్షణాలకూ జన్యువులు దొరికాయి.

చివరి రోజులు

మెండెల్ తన ఫలితాలను మ్యూనిక్ ప్రొఫెసర్ నేగెలీకి పంపి, ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాశారు. నేగెలీ తాను పరిశోధిస్తున్న హాక్‌వీడ్ అనే పచ్చపూల మొక్క మీద ప్రయోగం చేయమని ప్రోత్సహించారు. ఆ చిన్న పూలపై ఏళ్ళ తరబడి పనిచేసి మెండెల్ కంటిచూపు దెబ్బతిన్నది. ఫలితం మాత్రం బఠాణీకి విరుద్ధంగా వచ్చింది. ఆ మొక్క చాలావరకు ఫలదీకరణ లేకుండానే విత్తనం కడుతుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు. మన పెరళ్ళలో సాయంత్రం పూసే చంద్రకాంత మొక్క మాత్రం ఆయనను నిరాశపరచలేదు. ఒక్క అండానికి ఒక్క పుప్పొడి రేణువే చాలునని దానితో రుజువు చేసి, 1870లో నేగెలీకి రాశారు.

1868లో నాప్ స్థానంలో మెండెల్ మఠాధిపతిగా ఎన్నికయ్యారు. తేనెటీగలు పెంచారు, వాతావరణ వివరాలు శ్రద్ధగా నమోదు చేశారు, కాని బఠాణీ పని ఆగిపోయింది. 1874లో ప్రభుత్వం మఠాల మీద కొత్త పన్ను వేసింది. అది అన్యాయమని ఆయన కట్టలేదు. మిగతా మఠాలు ఒక్కొక్కటే సర్దుకొన్నా ఆయన సర్దుకోలేదు. పదేళ్ళ పోరాటంలో స్నేహితులు దూరమయ్యారు. ఆయన పట్టుదల సరైనదో కాదో చరిత్రకారులకు వదిలివేద్దాం. మహాత్ములకు కూడా బరువైన సంవత్సరాలుంటాయి.

ఆయన ఈస్టరు ప్రసంగం కోసం రాసుకొన్న కొన్ని పంక్తులు మిగిలాయి. ఉత్థాన ప్రభువు మగ్దలా మరియమ్మకు తోటమాలిగా కనిపించిన ఘట్టాన్ని ఆయన అందులో ధ్యానించారు. తోటమాలి మనసు తోటమాలికే తెలుసు.

మూత్రపిండాల వ్యాధితో 1884 జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగనాడు, ఆయన కన్నుమూశారు. అంత్యక్రియల పూజలో ఆర్గన్ వాయించినది సుప్రసిద్ధ సంగీతకారుడు యానాచెక్. బ్రనో పేదలు ఏడ్చింది ఒక దయగల మఠాధిపతి కోసం. ఒక శాస్త్రవేత్త పోయాడని అక్కడ ఎవరికీ తోచలేదు. 1900లో ముగ్గురు శాస్త్రవేత్తలు, డీ వ్రీస్, కోరెన్స్, చెర్మాక్, వేరువేరుగా ఆ ఫలితాలకే చేరి, పాత సంచికలో మెండెల్ పేరు చూశారు. అచ్చయిన 34 ఏళ్ళకు ఆ గింజ మొలకెత్తింది.

మన ఇంటికి మాట

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వద్దాం. ఏదో లోపంతో బిడ్డ పుడితే, కోడలి వంశంలోనే తప్పుందని నిందించే ఇళ్ళు మన విచారణల్లో ఇంకా ఉన్నాయి. మెండెల్ లెక్క ఏమంటోంది? ఇద్దరు గుండ్రని తల్లిదండ్రులకు ముడత బిడ్డ పుట్టాలంటే ఇద్దరూ దాగిన కారకాన్ని ఇచ్చి తీరాలి. తరచుగా అమ్మ ఎంతో నాన్న కూడా అంతే. అది ఎవరి పాపమూ కాదు. తాతలనాడు నకలులో దొర్లిన ఒక అక్షరం అది. ఇక ఆడపిల్ల పుట్టిందని తల్లిని నిందించడం మరీ అన్యాయం. బిడ్డ ఆడో మగో నిర్ణయించే క్రోమోజోము వచ్చేది తండ్రి నుండే.

మేనరికం సంగతి కూడా అంతే. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలకు సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి. మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు. ఒకే తాత నుండి వచ్చిన దాగిన లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. దగ్గరి చుట్టరికంలో పెళ్ళికి శ్రీసభ చట్టం అడ్డు చెప్పడానికీ, మినహాయింపు కోసం బిషపు గారికి దరఖాస్తు పెట్టమని మేము అడగడానికీ కుటుంబ క్షేమం కూడా ఒక కారణం. పొలం చీలిపోకూడదని, కట్నం బయటికి పోకూడదని పట్టుబట్టే ముందు, డాక్టరుతో ఒకసారి మాట్లాడండి.

ఐతే జన్యువే తలరాత అని కూడా అనుకోవద్దు. చక్కెర అందని బఠాణీ వేరును గుర్తుంచుకోండి. దానిలో గ్రంథం సంపూర్ణంగానే ఉంది. ఆహారం అందేవరకు అది గడప వద్ద ఆగింది. అంతే. పరీక్ష తప్పిన మెండెల్‌కు తెరేసియా కట్నం, నాప్ ఓపిక ఆ చక్కెర వంటివి. ఈ వారం మీ ఇంట్లో వెనుకబడిన బిడ్డ ఎవరో చూడండి. ఆ బిడ్డకు తిట్టు కాక, కాస్త సమయం, కాస్త ఆసరా ఇవ్వండి. దాగినది పోయినట్లు కాదు. ఆగినది చచ్చినట్లు కాదు.